అప్‌లోడ్ అయిన తాత్కాలిక ఫైళ్లను సర్వర్‌లో నిర్వహించడం ఎలా

వాడుకరి ఒక ఫైలును ఎంచుకుని పంపగానే, మీరు రాసిన కోడ్‌లో మొదటి పంక్తి నడవకముందే ఆ ఫైలు మీ సర్వర్ డిస్క్ మీదికి ఒకసారి, కొన్ని అమరికలలో రెండుసార్లు, చేరిపోయి ఉంటుంది. దానికి పేరు పెట్టింది మీరు కాదు, చోటు చూపింది మీరు కాదు, చాలా సందర్భాలలో దాన్ని తొలగించేది కూడా మీరు కాదు. అన్నీ సవ్యంగా జరిగినంత కాలం ఈ ఏర్పాటు ఎవరి కంటా పడదు. డిస్క్ నిండి డేటాబేస్ ఆగిపోయిన రోజునో, వారం పాటు చక్కగా పనిచేసిన అప్‌లోడ్ ఉన్నట్టుండి విఫలమైన రోజునో తప్ప తాత్కాలిక ఫైళ్ల గురించి ఎవరూ ఆలోచించరు. చాలామంది దీన్ని చెత్త ఊడ్చే పనిగా చూస్తారు, కానీ అసలు చిక్కు వేరే చోట ఉంది. ఒక ఫైలు పుట్టినప్పటి నుంచి పోయేదాకా ఏ క్షణంలో దాని బాధ్యత ఎవరిది అన్నది ముందే తేల్చుకోకపోవడం వల్లనే దాదాపు అన్ని ఇబ్బందులూ వస్తాయి. కింది మెట్లన్నీ ఆ బాధ్యతను తేల్చడానికే.

మొదటి మెట్టు: ఫైలు ఎక్కడెక్కడ దిగుతోందో కనిపెట్టండి

మీ అప్లికేషన్ ముందు ఎన్జిన్‌ఎక్స్ అనే వెబ్ సర్వర్ ప్రాక్సీగా, అంటే రిక్వెస్ట్‌లను ముందుగా అందుకుని లోపలికి పంపే మధ్యవర్తిగా, ఉంటే, డిఫాల్ట్ అమరికలో అది వచ్చిన రిక్వెస్ట్‌ను పూర్తిగా అందుకున్న తరువాతే లోపలి సర్వర్‌కు పంపుతుంది. రిక్వెస్ట్‌ను మెమరీలో ఉంచుకునే బఫర్ పరిమాణం డిఫాల్ట్‌గా యంత్రాన్ని బట్టి 8 లేదా 16 కిలోబైట్లే కాబట్టి, అంతకంటే పెద్దదైన ప్రతి అప్‌లోడ్ ముందుగా ఎన్జిన్‌ఎక్స్ సొంత తాత్కాలిక డైరెక్టరీలోకి వెళుతుంది. ఆ తరువాత మీ అప్లికేషన్ సర్వర్ దాన్ని తన పద్ధతిలో మళ్లీ దాచుకుంటుంది. పీహెచ్‌పీ తన అప్‌లోడ్ టెంప్ డైరెక్టరీలో, అది పేర్కొనకపోతే సిస్టమ్ టెంప్ డైరెక్టరీలో రాస్తుంది. పైథాన్ ఫ్రేమ్‌వర్క్ అయిన జాంగో 2.5 మెగాబైట్ల లోపు ఫైలును మెమరీలోనే ఉంచి, అది దాటితే డిస్క్‌కు మారుస్తుంది. గో భాషలోని ప్రామాణిక లైబ్రరీలో, మీరు వేరే విలువ ఇవ్వకపోతే ఆ హద్దు 32 మెగాబైట్లు. జావాస్క్రిప్ట్‌ను సర్వర్‌లో నడిపే నోడ్‌లో, అప్‌లోడ్‌లను అందుకునే మల్టర్ లైబ్రరీని వాడుతూ గమ్యం చెప్పకపోతే ఫైలు మొత్తం మెమరీలోనే ఉండిపోతుంది. పరీక్షల్లో ఇది హాయిగా అనిపిస్తుంది గానీ, పది మంది ఒకేసారి పెద్ద వీడియోలు పంపితే ప్రాసెస్ కుప్పకూలుతుంది.

కాబట్టి ఒక కాగితం మీద లెక్క వేయండి. ఒక్కో ఫైలు గరిష్ఠంగా 500 మెగాబైట్లు, ఒకే సమయంలో 20 మంది పంపవచ్చు అనుకుంటే ఆ మొత్తం 10 గిగాబైట్లు. ప్రాక్సీ, అప్లికేషన్ రెండూ ఒకే డిస్క్‌ను వాడుతుంటే 20 గిగాబైట్లు. చివరి చోటికి కదల్చడానికి బదులు మీ కోడ్ కాపీ చేస్తుంటే 30. డాక్యుమెంటేషన్ చదివి ఊహించడం కంటే స్వయంగా చూడడం మేలు. వేగం తగ్గించిన కనెక్షన్ నుంచి ఒక పెద్ద ఫైలును పంపుతూ, అది జరుగుతున్నంత సేపూ సర్వర్ ప్రాసెస్ తెరిచి ఉంచిన ఫైళ్లను ఎల్‌ఎస్‌ఓఎఫ్ కమాండ్‌తో చూడండి. మీరు ఊహించని డైరెక్టరీ ఒకటైనా అందులో కనిపించే అవకాశం ఉంది.

రెండవ మెట్టు: వాటికి సొంత చోటు ఇవ్వండి

సిస్టమ్‌కు ఉమ్మడిగా ఉండే టెంప్ డైరెక్టరీని అప్‌లోడ్‌లకు వదిలేయకండి. అందుకు రెండు గట్టి కారణాలున్నాయి.

మొదటిది, ఆ డైరెక్టరీ నిజంగా డిస్క్ మీద ఉందన్న హామీ లేదు. ఫెడోరాలో 18వ వెర్షన్ నుంచి, డెబియన్‌లో 2025లో వచ్చిన 13వ వెర్షన్ నుంచి అది డిఫాల్ట్‌గా మెమరీలో నడిచే ఫైల్‌సిస్టమ్. దాని గరిష్ఠ పరిమాణం సాధారణంగా యంత్రంలోని ర్యామ్‌లో సగం. మెమరీని కాపాడుకోవడానికి పెద్ద ఫైళ్లను డిస్క్‌కు పంపుతున్నామని మీరు అనుకుంటుండగా, అవి చుట్టు తిరిగి మళ్లీ మెమరీలోకే చేరుతుంటాయి.

రెండవది, ఆ డైరెక్టరీని శుభ్రం చేసేవారు వేరే ఉన్నారు. లినక్స్‌లో సేవలను నడిపించే సిస్టమ్‌డీ సొంతంగా ఇచ్చే నియమాల ప్రకారం సిస్టమ్ టెంప్‌లో (/tmp) 10 రోజులు, వార్ డైరెక్టరీ కింద ఉండే టెంప్‌లో (/var/tmp) 30 రోజులు ఎవరూ ముట్టుకోని వాటిని తొలగిస్తారు. అనేక లినక్స్ పంపిణీలు ఈ నియమాలనే పాటిస్తాయి. దీని వల్ల కలిగే లోపం ఒకటి చాలాకాలంగా జావా బృందాలను వేధిస్తోంది. జావా ఫ్రేమ్‌వర్క్ అయిన స్ప్రింగ్ బూట్‌లో అంతర్భాగంగా నడిచే టామ్‌క్యాట్ అనే వెబ్ సర్వర్ మొదలయ్యేటప్పుడు సిస్టమ్ టెంప్‌లో తనకొక డైరెక్టరీ సృష్టించుకుంటుంది. కొన్ని రోజుల పాటు ఎవరూ ఏదీ అప్‌లోడ్ చేయకపోతే సిస్టమ్‌డీ దాన్ని పాతదిగా భావించి తీసేస్తుంది. ఆ తరువాత వచ్చిన మొదటి అప్‌లోడ్, తాత్కాలిక అప్‌లోడ్ స్థానం సరైనది కాదన్న సందేశంతో విఫలమవుతుంది. సర్వర్‌ను మళ్లీ మొదలుపెట్టగానే డైరెక్టరీ తిరిగి పుడుతుంది, లోపం మాయమవుతుంది, అందరూ ఊపిరి పీల్చుకుంటారు, మరో పది రోజులకు కథ మొదటికొస్తుంది. నేను కూడా ఒకప్పుడు ఇలాంటి లోపం వెంట రెండు విడతలు పరుగెత్తాను. మొదటిసారి నెట్‌వర్క్‌ను అనుమానించి గడిపిన సాయంత్రం శుద్ధ దండగ. ఇక్కడ తప్పు సిస్టమ్‌డీది కాదు, టామ్‌క్యాట్‌ది కాదు. ఒకే డైరెక్టరీకి ఇద్దరు యజమానులుండి, ఒకరి సంగతి మరొకరికి తెలియకపోవడమే తప్పు.

అందుచేత అప్లికేషన్ కోసం విడిగా ఒక డైరెక్టరీ పెట్టి, దాని పూర్తి మార్గాన్ని సెట్టింగులలో స్పష్టంగా రాయండి. యాజమాన్యం అప్లికేషన్ నడిచే వాడుకరి పేరిట ఉండాలి, అనుమతులు 0700 ఉండాలి, అంటే యజమానికి తప్ప ఎవరికీ ప్రవేశం ఉండకూడదు. వెబ్ సర్వర్ నేరుగా బయటికి చూపించే డైరెక్టరీల కింద అది ఉండకూడదు. లేకపోతే ఎవరో పంపిన స్క్రిప్ట్‌ను మీ సర్వరే నడిపే ప్రమాదముంది. వీలైతే, ప్రోగ్రాములు నడపడానికి వీల్లేని నోఎగ్జెక్ ఆప్షన్‌తో ఆ ఫైల్‌సిస్టమ్‌ను మౌంట్ చేయండి.

ఇక్కడ ఒక చిన్న పేచీ వస్తుంది. డిస్క్ నిండినా మిగిలిన వ్యవస్థ నిలబడాలంటే తాత్కాలిక ఫైళ్లకు వేరే పార్టిషన్ కావాలి. కానీ ఫైలును చివరి చోటికి రీనేమ్‌తో ఒక్క దెబ్బలో చేర్చాలంటే రెండు చోట్లూ ఒకే ఫైల్‌సిస్టమ్‌లో ఉండాలి. ఫైల్‌సిస్టమ్ మారితే రీనేమ్ విఫలమవుతుంది, అప్పుడు లైబ్రరీలు చడీచప్పుడు లేకుండా కాపీకి దిగుతాయి. కాపీ జరుగుతుండగా కరెంటు పోతే సగం ఫైలు అసలైన పేరుతో మిగిలిపోతుంది. నా మట్టుకు నేను, డేటాబేస్‌కూ లాగ్‌లకూ సంబంధం లేని ఒక పార్టిషన్‌ను అప్‌లోడ్‌లకే కేటాయించి, అందులోనే వచ్చేవాటికి ఒక డైరెక్టరీ, నిల్వ ఉండేవాటికి మరొక డైరెక్టరీ పెడతాను. రెండు అవసరాలూ తీరతాయి. ఎన్జిన్‌ఎక్స్ తాత్కాలిక డైరెక్టరీని కూడా ఈ పార్టిషన్‌కే తేవచ్చు, అయితే వేరే సబ్‌డైరెక్టరీలో, దాని సొంత వాడుకరి పేరిట.

కంటైనర్లలో నడిపేవారు, ఏమీ చెప్పకపోతే ఫైళ్లు కంటైనర్ సొంత రైటబుల్ లేయర్‌లోకి పోతాయని గుర్తుంచుకోవాలి. కంటైనర్లను నిర్వహించే కుబర్నెటీస్‌లో, పాడ్ (కలిసి నడిచే కంటైనర్ల గుంపు) ఉన్నంత కాలమే ఉండే ఎంప్టీడిర్ వాల్యూమ్ పెట్టి దానికి పరిమాణ హద్దు ఇవ్వండి. ఆ హద్దు దాటితే పాడ్‌ను అక్కడి నుంచి తొలగిస్తారు. మెమరీ రకం ఎంచుకుంటే అందులోని ఫైళ్లు కంటైనర్ మెమరీ పరిమితి లెక్కలోకే వస్తాయి.

మూడవ మెట్టు: పరిమితులను బయటి నుంచి లోపలికి పెట్టుకుంటూ రండి

అవసరం లేని ఫైలు అసలు దిగకుండా చూడడం అన్నిటికంటే చౌకైన శుభ్రత. ఎన్జిన్‌ఎక్స్ డిఫాల్ట్‌గా 1 మెగాబైట్ దాటిన రిక్వెస్ట్‌ను 413 కోడ్‌తో తిప్పికొడుతుంది. పీహెచ్‌పీలో ఒక్కో ఫైలుకు 2 మెగాబైట్లు, మొత్తం పోస్ట్‌కు 8 మెగాబైట్లు, ఒక రిక్వెస్ట్‌లో 20 ఫైళ్లు డిఫాల్ట్ పరిమితులు. స్ప్రింగ్ బూట్‌లో ఫైలుకు 1, రిక్వెస్ట్‌కు 10 మెగాబైట్లు. ఇందుకు విరుద్ధంగా, జావా సర్వ్‌లెట్ ప్రమాణంలో, ఫైళ్లున్న రిక్వెస్ట్‌ల పరిమాణాన్ని నిర్ణయించే మల్టీపార్ట్ అమరికకు డిఫాల్ట్ విలువ మైనస్ 1, అంటే హద్దు లేనట్టే. మల్టర్‌లో ఫైలు పరిమాణానికి కూడా డిఫాల్ట్‌గా హద్దు లేదు. కాబట్టి ఏ పరిమితినీ డిఫాల్ట్‌కు వదలకుండా, ప్రతి అంచెలో సంఖ్యను మీరే రాయండి.

బయటి అంచె పరిమితి లోపలి దాని కంటే కొంచెం ఎక్కువ ఉండాలి. అప్పుడు హద్దును కొద్దిగా దాటిన వాడుకరికి ప్రాక్సీ ఇచ్చే పొడి సందేశానికి బదులు మీ అప్లికేషన్ మర్యాదగా చెప్పే వివరణ అందుతుంది. పీహెచ్‌పీ వాడేవారికి ఇంకొక హెచ్చరిక. మొత్తం పోస్ట్ పరిమితి దాటితే పోస్ట్, ఫైల్స్ అనే రెండు శ్రేణులూ ఖాళీగా వస్తాయి. ఫారం ఖాళీగా పంపారని మీ కోడ్ పొరబడుతుంది. అందుకే శ్రేణులు ఖాళీగా ఉండి, కంటెంట్ లెంగ్త్ హెడర్‌లో పెద్ద సంఖ్య ఉన్నదేమో ముందుగా చూడండి.

పరిమాణంతో పాటు సంఖ్య కూడా ముఖ్యమే. అపాచీ కామన్స్ ఫైల్‌అప్‌లోడ్ లైబ్రరీలో ఒక రిక్వెస్ట్‌లో ఎన్ని భాగాలుండవచ్చన్న హద్దు లేకపోవడాన్ని సీవీఈ-2023-24998 పేరిట భద్రతా లోపంగా నమోదు చేశారు. 1.5 వెర్షన్‌లో ఆ హద్దు పెట్టుకునే వీలు కల్పించారు, కానీ డిఫాల్ట్‌గా అది అమలులో ఉండదు, మీరే పెట్టుకోవాలి.

నాలుగవ మెట్టు: పేరును, రకాన్ని నమ్మకండి

వాడుకరి బ్రౌజర్ పంపిన ఫైలు పేరును డిస్క్ మీద ఎన్నడూ వాడవద్దు. పై డైరెక్టరీకి ఎక్కే రెండు చుక్కలు, గీతలు అందులో ఉండవచ్చు, లేదా ఇద్దరు ఒకే పేరుతో పంపవచ్చు. యాదృచ్ఛికంగా పుట్టించిన పొడవైన పేరుతో, అదే పేరు అప్పటికే ఉంటే విఫలమయ్యే పద్ధతిలో ఫైలును సృష్టించండి. దాదాపు ప్రతి భాషలోని టెంప్‌ఫైల్ లైబ్రరీ ఈ పని చేసిపెడుతుంది. అసలు పేరును డేటాబేస్‌లో, చూపించడానికి మాత్రమే ఉంచండి. కంటెంట్ టైప్ హెడర్ కూడా అవతలివారు చెప్పిన మాటే కాబట్టి, ఫైలు మొదటి బైట్లను చదివి రకాన్ని మీరే నిర్ధారించుకోండి.

ఐదవ మెట్టు: ఎవరు తొలగిస్తారో ప్రతి దారిలోనూ తేల్చండి

అన్ని మెట్లలోకీ ఎక్కువ సమయం ఇక్కడే వెచ్చించమంటాను, ఎందుకంటే ఒక్కో సాంకేతికత ఒక్కో వాగ్దానం చేస్తుంది, ఒక దాని అలవాటుతో మరొక దాన్ని వాడేవారు ఇక్కడే దెబ్బతింటారు. పీహెచ్‌పీలో మీరు వేరే చోటికి తరలించని ఫైలు రిక్వెస్ట్ ముగియగానే దానంతటదే పోతుంది. జాంగోలో రిక్వెస్ట్ ముగింపులో తాత్కాలిక ఫైలును మూసివేస్తారు, మూయగానే అది తొలగిపోతుంది. గో సర్వర్ కూడా రిక్వెస్ట్ చివర శుభ్రం చేస్తుంది. రూబీలో టెంప్‌ఫైల్ వస్తువును గార్బేజ్ కలెక్టర్ ఎత్తుకున్నప్పుడే ఫైలు పోతుంది, అది ఎప్పుడన్నది చెప్పలేం. అందుకే రూబీ వెబ్ అప్లికేషన్లకు ఆధారమైన ర్యాక్‌లో, రిక్వెస్ట్ పూర్తి కాగానే వాటిని తీసేసే టెంప్‌ఫైల్ రీపర్ అనే మిడిల్‌వేర్ ఉంది. మల్టర్ డిస్క్‌కు రాసిన ఫైలును మాత్రం ఎవరూ తీయరు, మీ కోడే తీయాలి. జావాలో ప్రాసెస్ ముగిసినప్పుడు తొలగించమని చెప్పే డిలీట్ ఆన్ ఎగ్జిట్ పద్ధతి సులువుగా కనిపిస్తుంది. నెలల తరబడి ఆగని సర్వర్‌లో అది ప్రతి ఫైలు మార్గాన్నీ మెమరీలో పోగేస్తూ పోతుంది తప్ప మరేమీ చేయదు. దాన్ని సర్వర్ కోడ్‌లో వాడకండి.

ఈ వాగ్దానాలు తెలిశాక, మీ కోడ్‌లోని ప్రతి దారినీ నడిచి చూడండి. అంతా సజావుగా సాగే దారి మాత్రమే కాదు. తనిఖీలో ఫైలు తిరస్కారానికి గురైతే, డేటాబేస్ లోపం వస్తే, వాడుకరి మధ్యలో బ్రౌజర్ మూసేస్తే తొలగించే పంక్తి నడుస్తుందా? మీరే తొలగించాల్సిన చోట, ఏ దారిన బయటికి వెళ్లినా తప్పక నడిచే ఫైనల్లీ వంటి నిర్మాణంలో ఆ పంక్తిని ఉంచండి.

అందరూ ఒకసారైనా చేసే పొరపాటు ఒకటుంది. వీడియో మార్పిడి వంటి బరువైన పనిని నేపథ్యంలో నడిచే వర్కర్‌కు అప్పగిస్తూ, దానికి తాత్కాలిక ఫైలు మార్గాన్నే ఇచ్చేస్తారు. రిక్వెస్ట్ ముగుస్తుంది, ఫైలు పోతుంది, వర్కర్ లేని ఫైలును తెరవబోతుంది. పరీక్షించే యంత్రంలో క్యూ ఖాళీగా ఉండి వర్కర్ వెంటనే ఫైలును అందుకుంటుంది కాబట్టి ఈ లోపం అక్కడ కనబడదు. అసలు సర్వర్‌లో రద్దీ పెరిగినప్పుడు మాత్రమే, అప్పుడప్పుడూ, బయటపడుతుంది. దీనికి మందు పనుల క్రమాన్ని కచ్చితంగా పాటించడమే. ముందు డేటాబేస్‌లో పెండింగ్ స్థితితో, గమ్యస్థానపు పేరుతో ఒక వరుస (రో) రాయండి. తరువాత ఫైలును రీనేమ్‌తో నిల్వ డైరెక్టరీకి చేర్చండి. ఆ తరువాత స్థితిని సిద్ధం అని మార్చి, చివరగా వర్కర్‌కు ఆ వరుస గుర్తింపు సంఖ్యను మాత్రమే పంపండి. మధ్యలో ఎక్కడ ప్రాసెస్ చచ్చిపోయినా, ఎక్కడిదాకా వచ్చి ఆగిందో ఆ వరుసే చెబుతుంది.

తరలింపులో ఒక చిన్న మెలిక. తాత్కాలిక ఫైళ్లు యజమాని మాత్రమే చదవగలిగే 0600 అనుమతులతో పుడతాయి, రీనేమ్ చేసినా ఆ అనుమతులు అలాగే ఉంటాయి. జాంగో పాత వెర్షన్లలో, మెమరీ నుంచి రాసిన చిన్న ఫైళ్లు బాగా కనిపించి, డిస్క్ నుంచి కదిలిన పెద్దవి మాత్రం వెబ్ సర్వర్ చదవలేక విఫలమయ్యేవి. 3.0 వెర్షన్ నుంచి 0644ను డిఫాల్ట్ చేశారు. ఇతర చోట్ల, తరలించాక అనుమతులను మీరే సరిచేయండి.

ఇక, ఫైలు ముందు వచ్చి ఫారం తరువాత వచ్చే పద్ధతిలో రిక్వెస్ట్ ముగింపుకు అర్థమే లేదు. మొదటి అడుగులో ఫైలు పంపి, మనసు మార్చుకుని వెళ్లిపోయే వారుంటారు. ఇక్కడ ఫైలు అందగానే దానికొక టోకెన్, పంపినవారి గుర్తింపు, గడువు సమయం డేటాబేస్‌లో రాయండి. 24 గంటల గడువు చాలా ఫారాలకు సరిపోతుంది. టోకెన్‌ను ఆ వాడుకరి సెషన్‌కు ముడివేయకపోతే ఒకరు పంపిన ఫైలును మరొకరు తమ ఫారంలో కలుపుకోగలరు.

ఆరవ మెట్టు: మిగిలిపోయినవాటికి ఊడ్చే పనిని పెట్టండి

ప్రాసెస్‌ను బలవంతంగా చంపినప్పుడు, యంత్రం ఆగిపోయినప్పుడు ఫైనల్లీ కూడా నడవదు. అటువంటి అనాథ ఫైళ్ల కోసమే ఈ పని. రోజువారీ శుభ్రతను దీని మీదికి నెట్టేస్తే, రద్దీ పెరిగిన రోజున అది వెనకబడుతుంది.

వయసును ఫైలు చివరిసారి మారిన సమయంతో లెక్కించండి. చివరిసారి చదివిన సమయాన్ని చాలా ఫైల్‌సిస్టమ్‌లు ప్రతిసారీ నమోదు చేయవు. అప్‌లోడ్ సాగుతున్నంత సేపూ మార్పు సమయం ముందుకు జరుగుతూ ఉంటుంది కాబట్టి, దిగుతున్న ఫైలు పాతదిగా కనబడదు. కానీ పూర్తిగా దిగి క్యూలో ఎదురుచూస్తున్న ఫైలు మాత్రం పాతదిగానే కనబడుతుంది. అందుకని, డేటాబేస్‌లో వరుస ఉన్న ఫైలును ఆ వరుసలోని గడువు ప్రకారం, వరుస లేని దాన్ని వయసు ప్రకారం తొలగించండి. హద్దుగా అతి నెమ్మదైన అప్‌లోడ్‌కు, అతి పొడవైన ప్రాసెసింగ్‌కు పట్టే సమయం కంటే బాగా ఎక్కువ పెట్టండి.

ఫైండ్ కమాండ్‌తో ఈ పని చేస్తే, డైరెక్టరీ పూర్తి మార్గం ఇవ్వండి, సాధారణ ఫైళ్లకే పరిమితం చేయండి, వేరే ఫైల్‌సిస్టమ్‌లోకి దిగనివ్వకండి. మొదటి కొన్ని రోజులు తొలగించకుండా పేర్లు మాత్రమే అచ్చు వేయించి చూడండి. డైరెక్టరీ మార్గాన్ని ఏదైనా వేరియబుల్ నుంచి తీసుకుంటుంటే, అది ఖాళీగా ఉన్నప్పుడు స్క్రిప్ట్ ఆగిపోవాలి, ముందుకు సాగకూడదు. సర్వర్ మొదలయ్యేటప్పుడు డైరెక్టరీని మొత్తం తుడిచేసే కోడ్ కూడా చాలా చోట్ల కనిపిస్తుంది. ఒకే డైరెక్టరీని రెండు ప్రాసెస్‌లు పంచుకుంటున్నప్పుడు, కొత్తది లేవగానే పాతది అందుకుంటున్న ఫైళ్లను లాగేస్తుంది.

ఎస్‌3 వంటి ఆబ్జెక్ట్ స్టోరేజ్‌కు భాగాలుగా పంపేవారికి తాత్కాలిక ఫైళ్లు అక్కడ కూడా ఉంటాయి. సగంలో ఆగిన మల్టీపార్ట్ అప్‌లోడ్ భాగాలు మామూలు జాబితాలో కనబడవు, కానీ వాటికి నిల్వ ఖర్చు పడుతూనే ఉంటుంది. అసంపూర్ణ అప్‌లోడ్‌లను కొన్ని రోజుల తరువాత రద్దు చేసే లైఫ్‌సైకిల్ నియమాన్ని బకెట్‌కు తప్పక జోడించండి.

ఏడవ మెట్టు: గమనిస్తూ ఉండండి, చెడగొట్టి చూడండి

డిస్క్ ఎంత శాతం నిండిందన్న సంఖ్య కంటే, డైరెక్టరీలోని అతి పాత ఫైలు వయసు ఎక్కువ చెబుతుంది. అది గడువును దాటిందంటే ఊడ్చే పని ఆగిపోయినట్టే, డిస్క్ నిండడానికి ఇంకా వ్యవధి ఉండగానే మీకు తెలుస్తుంది. దానితో పాటు ఐనోడ్‌ల (ఒక్కో ఫైలుకు ఒకటి చొప్పున ఫైల్‌సిస్టమ్ ఉంచే నమోదుల) వాడకాన్ని కూడా చూడండి. లక్షలాది చిన్న ఫైళ్లు పేరుకుపోతే, స్థలం ఉండగానే చోటు లేదన్న లోపం వస్తుంది. డీఎఫ్ కమాండ్ డిస్క్ నిండిందని చెబుతూ, కనిపించే ఫైళ్ల పరిమాణాలను కూడే డీయూ కమాండ్ అంత మొత్తం చూపకపోతే, తొలగించిన ఫైలును ఏదో ప్రాసెస్ ఇంకా తెరిచి ఉంచిందేమో చూడండి. లినక్స్‌లో ఆ ప్రాసెస్ ఫైలును మూసేదాకా స్థలం తిరిగి రాదు. పేరు పోయినా తెరిచి ఉన్న ఫైళ్లను ఎల్‌ఎస్‌ఓఎఫ్ చూపుతుంది.

అంతా అమర్చాక పరీక్షా సర్వర్‌లో కావాలని చెడగొట్టండి. 50 మెగాబైట్ల చిన్న ఫైల్‌సిస్టమ్‌ను అప్‌లోడ్ డైరెక్టరీగా మౌంట్ చేసి, అంతకంటే పెద్ద ఫైలును పంపి, వాడుకరికి ఏ సందేశం వెళుతుందో, సగం రాసిన ఫైలు మిగిలిందా అన్నది చూడండి. తరువాత అసలు డైరెక్టరీకి తిరిగి వచ్చి, ఒక అప్‌లోడ్‌ను మధ్యలో తెంచండి, మరొకటి జరుగుతుండగా ప్రాసెస్‌ను బలవంతంగా చంపండి, ఇంకొకటి క్యూలో ఉండగా వర్కర్‌ను ఆపండి. మూడు సందర్భాలలోనూ డైరెక్టరీలో మిగిలిన ఫైళ్ల పేర్లు రాసిపెట్టుకుని, గడువు దాటి ఊడ్చే పని ఒకసారి నడిచాక మళ్లీ చూడండి. మొదటి రెండు ఫైళ్లు పోయి, క్యూలో ఉన్న మూడవది అలాగే ఉండి, వర్కర్‌ను తిరిగి లేపగానే అది సరిగా ప్రాసెస్ అయితే అమరికను అసలు సర్వర్‌కు తీసుకెళ్లవచ్చు.